సుభద్ర ఎందుకు నిద్రపోయింది?

మా పక్కింటి వదినగారు ఆ మధ్య ఓ సాయంత్రం కొంగు చాటున ఏదో దాచుకుని వచ్చారు. వేడి వేడి ఓళిగలు తెచ్చారు కాబోలని నేను పళ్లెం కోసం లేచాను కూడా. తీరా చూస్తే పుస్తకం!

"మా అమ్మాయికి శ్రీమంతంలో ఎవరో ఇచ్చారండీ. బెంగుళూరు పంపించేముందు మీరోసారి చదివి ఎలా వుందో చెప్పండి. నలభయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవారు, మీకు తెలియంది ఏముంది?" అన్నారు.

పొగడ్తకి పడిపోని పంతులమ్మని నేనింతవరకూ చూడలేదు. పుచ్చుకున్నాను.

గర్భిణులు ఎలా నడుచుకోవాలో, కడుపులో బిడ్డకి చదువూ సంస్కారమూ ఎలా నేర్పాలో చెప్పే పుస్తకం అది. దాని పేరు మాత్రం చెప్పను. గర్భసంస్కారం మీద ఇలాటివి బజార్లో బోలెడున్నాయి. ఒకదాని పేరు చెప్పి మిగతావాటిని వదిలేస్తే పక్షపాతం చూపించినట్టవుతుంది. అట్ట మీద పట్టుచీర కట్టుకుని, ఒళ్లో వీణ పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. లోపల నెలకో అధ్యాయం. ఏ నెలలో ఏ రాగం వినాలి, ఏ స్తోత్రం చదవాలి, గోడకి ఎలాటి బొమ్మ తగిలించుకోవాలి - అన్నీ వున్నాయి. కోపం రాకూడదు. ఏడవకూడదు. భయపడకూడదు. చెడ్డమాట వినకూడదు. మొత్తం చదివాక నాకు అర్థమైందేమంటే, కడుపుతో వున్న ఆడది చెయ్యకూడని పని ఒకటే - మనిషిలా వుండడం!

ఊరికే ఆడిపోసుకోకూడదు. మంచి మాటలూ వున్నాయి అందులో. తెలిసినవాళ్లు చెప్పారని మందులు మింగొద్దన్నారు. మొదటి మూడు నెలలూ ఫోలిక్ యాసిడ్ మాత్ర మానొద్దన్నారు. పాటలు వింటే మనసు తేలికపడుతుందన్నారు. వీటితో ఎవరికి పేచీ? నా పేచీ అంతా అయిదో అధ్యాయంతో వచ్చింది. అందులో అభిమన్యుడి కథ వుంది.

నాకు పుస్తకం బాగుందో లేదో తెలియాలంటే పైకి చదవాలి. అది పాత అలవాటు. వరండాలో కూచుని చదువుతున్నాను. సుభద్ర కడుపుతో వుండగా అర్జునుడు పద్మవ్యూహం గురించి చెబుతున్నాడు. లోపల బిడ్డ ఊ కొడుతున్నాడు. లోపలికి వెళ్లే దారి చెప్పడం అయింది. బయటికి వచ్చే దారి చెప్పేలోగా సుభద్ర నిద్రపోయింది. అందుకే అభిమన్యుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కాబట్టి ఓ కాబోయే తల్లీ, నువ్వు ఏమరుపాటుగా వుండకు, అని నీతి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గడప దగ్గర బండలు తుడుస్తూ వింటోంది. దానికప్పుడు అయిదో నెల. గుడ్డ పిండుతూ ఆగింది.

"టీచరమ్మా, ఆయమ్మ రాణి గదా? నీళ్లు మోసేది లేదు, బండలు తుడిసేది లేదు. అయినా నిద్రొచ్చె సూడు! కడుపుతో వుంటే అంతేమ్మా" అంది. మళ్లీ తనే, "మరి సెప్పే ఆయప్ప సూసుకోలేదా, ఆయమ్మ నిద్రపోయిందని?" అంది.

నా చేతిలో పుస్తకం అలాగే వుండిపోయింది. నలభయ్యేళ్లు ఈ కథ పిల్లలకి చెప్పాను. ఒక్కరోజు కూడా ఈ ప్రశ్న నాకు తోచలేదు. విమర్శ అంటే ఇదే కదండీ! పెద్ద పెద్ద మాటలెందుకు?

సరే, అసలు కథ ఏమిటో చూద్దామని వ్యాసభారతం వైపు వెళ్లాను. ద్రోణపర్వంలో ధర్మరాజు వ్యూహం ఛేదించమని అడిగినప్పుడు అభిమన్యుడు చెప్పేది చాలా సూటిగా వుంటుంది. లోపలికి చొచ్చుకుపోయే ఉపాయం తన తండ్రి నేర్పాడు. ఆపద వస్తే బయటపడడం మాత్రం తనకి తెలియదు. అంతే. అక్కడ తల్లి ఊసు లేదు, కడుపు ఊసు లేదు, నిద్ర ఊసు అంతకన్నా లేదు. పాఠం సగంలో ఆపింది తండ్రి. వెనకాలే వస్తామని చెప్పి రాలేకపోయింది పెదతండ్రులు. దారి మూసింది సైంధవుడు. చుట్టుముట్టి చంపింది మహారథులు. ఇంతమంది మగవాళ్లుండగా, ఆ తర్వాత ఎప్పుడో జనం నోళ్లలో తప్పు చివరికి ఎవరి మీదికి వచ్చి పడిందో చూడండి - నిద్రపోయిన ఆడదాని మీద!

ఇందులో జనాన్ని అని లాభం లేదు. కథ అందంగా వుంది కనక నిలిచింది. కానీ అందమైన కథని ఆరోగ్యపాఠంగా అచ్చు వేసినప్పుడు, ఆ అందం ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో అడగాలి కదా.

రెండో కథ ప్రహ్లాదుడిది. ఇది భాగవతం సప్తమస్కంధంలో నిజంగానే వుంది. మనకి పోతనగారి పుణ్యమా అని ఇంటింటికీ తెలుసు. మన మొదటి తెలుగు టాకీ కూడా, 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద, ఆ పిల్లవాడి కథే. పుస్తకంవారు దీన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశారు: నారదుడు బోధించాడు, తల్లి విన్నది, కడుపులో బిడ్డ నేర్చుకున్నాడు. నిజమే. కానీ ఆ బోధకి ముందు ఏం జరిగిందో ఎందుకు వదిలేశారు?

హిరణ్యకశిపుడు తపస్సుకి వెళ్లాడు. ఇల్లు అండ లేకుండా పోయింది. ఇంద్రుడు వచ్చి కడుపుతో వున్న లీలావతిని ఈడ్చుకుపోతున్నాడు. నారదుడు అడ్డం పడ్డాడు. విడిపించాడు. తన ఆశ్రమానికి తీసుకెళ్లాడు. నీ భర్త వచ్చేదాకా నిశ్చింతగా ఇక్కడ వుండమన్నాడు. ఆ తర్వాతనే బోధ! ముందు భయం తీరింది, తర్వాత నీడ దొరికింది, ఆ తర్వాత పాఠం. ఈ వరసే ఆ కథలో అసలు పాఠమని నా అభిప్రాయం. మనం మొదటి రెండూ వదిలేసి మూడోది ఒక్కటే పుస్తకాలు వేసి అమ్ముతున్నాం.

ఇక్కడ నేను మూలంతోనూ ఒక తగువు పెట్టుకోవాలి. ప్రహ్లాదుడు తన తోటి పిల్లలకి ఈ సంగతి చెబుతూ, చాలాకాలం అయిపోవడం వల్లా, ఆడది కావడం వల్లా తల్లి ఆ బోధ మరిచిపోయిందనీ, తనకి మాత్రం గుర్తుందనీ అంటాడు. నేను చిన్నప్పుడు అది భక్తిగా చదివాను. పెద్దయ్యాక ఆ చోటికి వస్తే గొంతు పట్టేది. నాయనా ప్రహ్లాదా! భర్త తిరిగొచ్చాక ఆవిడ ఎవరింట్లో కాపురం చేసిందో, కన్నకొడుకుని ఏనుగులతో తొక్కించే మనిషి పక్కన ఎన్ని రాత్రులు మేలుకుందో నీకంటే బాగా ఎవరికి తెలుసు? మరిచిపోయిందో, మరిచిపోయినట్టు వుండక తప్పలేదో!

ఇక కడుపులో బిడ్డ నిజంగా వింటాడా? వింటాడు. ఆరో నెల దాటాక శబ్దాలకి కదులుతాడు. 1986లో అమెరికాలో డికాస్పర్, స్పెన్స్ అనే ఇద్దరు ఒక ముచ్చటైన పరీక్ష చేశారు. నెలలు నిండుతున్న తల్లుల చేత చివరి ఆరు వారాలూ రోజుకి రెండుసార్లు ఒక పిల్లల కథ పైకి చదివించారు. పుట్టిన రెండు మూడు రోజులకే ఆ పిల్లలు, కొత్త కథ కంటే తాము కడుపులో విన్న కథ వినడానికే మొగ్గు చూపారు. చప్పరింపులో తేడా వల్ల అది కనిపెట్టారు. ఎంత బాగుందో చూడండి! అయితే బిడ్డ గుర్తుపట్టింది ఆ కథ నడకని. దాని అర్థాన్ని కాదు. వ్యూహాలూ వేదాంతాలూ లోపలికి వెళ్లవు. అమ్మ గొంతు వెళుతుంది. అది రాగమే కానక్కరలేదు, కూరగాయలు బేరమాడినా సరే.

కానీ కడుపులో బిడ్డ మరో పాఠం కూడా నేర్చుకుంటాడు. దాన్ని గురించి పుస్తకంవారు ఒక్క అక్షరం రాయలేదు. ఆ పాఠం పేరు ఆకలి. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల హాలెండులో కరువు వచ్చింది. అప్పుడు కడుపులో వున్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక, వాళ్లలో మధుమేహ లక్షణాలూ, గుండెజబ్బూ ఎక్కువగా కనిపించాయి. అంత దూరం ఎందుకు, మన మైసూరులోనే హోల్డ్స్‌వర్త్ ఆస్పత్రిలో 1934 నుంచి 1954 దాకా పుట్టినవాళ్ల పాత రికార్డులు తీసి, వాళ్లు పెద్దవాళ్లయ్యాక పరీక్షించారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ. ఆ సంగతి 1996లో ప్రచురించారు. తల్లి తినని ముద్దని బిడ్డ ఒళ్లు యాభై ఏళ్లు గుర్తుపెట్టుకుంటుందన్నమాట. ఇదీ అసలైన గర్భవిద్య!

ఈ మాట అనంతపురంలో కూచుని రాస్తున్నప్పుడు దాని బరువు వేరు. పడమటి కనుమలు నైరుతి వానని ఆపేస్తాయి. ఈశాన్యపు వాన సముద్రం నుంచి మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. అదైనా శెనక్కాయ పంటకి కావలసినప్పుడు పడితే కదా! ఈ గడ్డ మీద పుట్టిన విద్వాన్ విశ్వం 1956లో పెన్నేటి పాట అచ్చు వేయించారు. అందులో రంగడు, గంగమ్మల ఇంటి ఆకలి చదివినవాళ్లకి మా సీమ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు తోటల్లో దానిమ్మ కాస్తోంది. కాసినవి లారీలెక్కి పోతాయి. పంట పోయిన ఇళ్లలో మగవాళ్లు బెంగుళూరు బస్సెక్కుతారు.

మా పనిపిల్ల మొగుడూ అలాగే పోయాడు, ఇళ్లు కట్టే పనికి. దాని వూరు టౌనుకి దగ్గరే. కుళాయి రెండు రోజులకోసారి, అదీ తెల్లవారుజామున వస్తుంది. నాలుగింటికి లేచి బిందెలు పట్టి, అత్తకీ మరుదులకీ సంగటి కెలికి, ఏడింటికల్లా మూడిళ్ల పనికి వచ్చేది. దాని తిండి? అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి, శెనక్కాయల చట్నీ వుంటే అదృష్టం, లేకపోతే పచ్చిమిరప్పొడి. మధ్య మధ్య మూడిళ్లలోనూ ఒక్కో గ్లాసు టీ. ఆ టీ ఇచ్చిన మూడిళ్లలో మాదొకటి. ఇనుము మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే, మాత్ర సగం వృథా అవుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. టీ ఇచ్చి మంచిదాన్ననిపించుకున్నాను.

ఆరో నెలలో ఒక రోజు, దానికి తోడుగా నేను గర్భిణులకి జరిగే ఒక తరగతికి వెళ్లాను. ఎక్కడన్నది అనవసరం. ఇరవైమంది దాకా వున్నారు. ఒకావిడ పోషకాహారం గురించి చక్కగా, గంటసేపు చెప్పింది. పదిహేను నిమిషాలకి మావాడి తల్లి - అదేనండీ, కడుపులో వున్నది మగపిల్లాడే అని దానికి గట్టి నమ్మకం, నేనూ అలాగే పిలిచేదాన్ని - గోడకి ఆనుకుని నిద్రపోయింది. చెప్పే ఆవిడ చూసి, "ఏమమ్మా సుభద్రా! నువ్వు నిద్రపోతే నీ అభిమన్యుడి గతి ఏం గాను?" అంది. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. ఈ వ్యాసమంతా రాస్తున్నది ఆ నవ్వు గురించే.

తరగతి అయ్యాక రక్తం పరీక్ష చేశారు. గర్భిణికి హెమోగ్లోబిన్ 11 వుండాలి. దానికి 7.8 వుంది. రక్తం అంత పలచబడిన మనిషి పదిహేను నిమిషాలు మేలుకోవడమే గొప్ప. అది పాఠం వినకపోవడం కాదు; ఆ నిద్రే మాకు చెప్పిన పాఠం. గదిలో వున్న చదువుకున్నవాళ్లం ఎవరమూ దాన్ని చదవలేకపోయాం.

ఇంటికి వచ్చి దాని కార్డు తిరగేశాను. ఆశా కార్యకర్త ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు. నెల తప్పిన తేదీ, కాన్పు తేదీ, బరువు, రక్తపోటు, రక్తం - అన్నిటికీ గడులున్నాయి. రాత్రి ఎనిమిది గంటల నిద్ర, పగలు రెండు గంటల విశ్రాంతి అవసరమన్న సలహా కూడా వుంది. మన వీణ బొమ్మ పుస్తకం కన్నా ఈ నాలుగు పేజీల కార్డే నాకు గొప్ప గ్రంథంగా తోచింది. అతిశయోక్తులు లేవు, ప్రతి గడికీ పనుంది. అయితే తెలుగు పంతులమ్మ కన్ను కదా, క్రియల మీద పడింది. పుస్తకంలోనూ, తరగతిలోనూ, నా నోటా వినపడే క్రియలన్నీ ఒక్క తీరువే. తినాలి. తాగాలి. పడుకోవాలి. బరువులు ఎత్తకూడదు. వీటన్నిటికీ కర్త ఎవరు? అదే! ఆ ఒక్క ఆడపిల్ల! తినాలి సరే, పెట్టాలి ఎక్కడ? పడుకోవాలి సరే, పడుకోనివ్వాలి ఎక్కడ? ఎత్తకూడదు సరే, ఆ బిందె ఇంకొకరు ఎత్తాలి అన్న వాక్యం ఏ పేజీలో వుంది?

మన పాతవాళ్లు ఇలా రాయలేదండీ. చరకసంహితలో గర్భిణిని నిండా నూనె పోసిన పాత్రతో పోల్చారు. తొణక్కుండా చూసుకోవాలి అన్నారు. చూసుకోవలసింది ఎవరు? పాత్ర తనని తాను మోసుకోదు కదా! మోసేవాళ్లకి చెప్పిన మాట అది. సీమంతం సంగతే తీసుకోండి. గృహ్యసూత్రాల ప్రకారం ఏదుపంది ముల్లుతో భార్య తల పాపిట తీయవలసింది భర్త. అంటే ఆ వేడుకలో మగవాడికి చేతినిండా పనుంది. ఇప్పుడు శ్రీమంతమంటే ఆడవాళ్ల గాజులపేరంటం. ఆయనగారు ఫోటోకి నిలబడి, ఫోను చూసుకుంటూ పోతారు. పుస్తకం ఇచ్చేదీ ఆవిడకే.

సదుపాయాలు లేవని నేననను. అంగన్‌వాడీల పథకం 1975లోనే మొదలైంది. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టర్ల చేత ఉచితంగా పరీక్షలు చేయించే ఏర్పాటు వచ్చింది. 1969లో మా జిల్లాకి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లుల్లో ఆస్పత్రులు పెట్టింది. (బత్తలపల్లి 2022లో సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.) ఇవన్నీ గడప దాకా వస్తాయి. గడప లోపల పెట్టే ముద్ద, ఎత్తే బిందె, పడుకోనిచ్చే రెండు గంటలు మాత్రం ఇంట్లోవాళ్ల చేతుల్లో వున్నాయి. మూడిళ్లలో పనిచేసే పిల్లకి ఆ మూడిళ్లవాళ్లమూ ఇంట్లోవాళ్లమే. వాళ్ల అత్తని అనడం సులువు. నేను దానికి నాలుగో నెల నుంచీ ఆకుకూర తిను, దానిమ్మ తిను అని చెబుతూనే వున్నాను. ఒక్క దానిమ్మపండు కొనిపెట్టానా? మేడ మీది ట్యాంకు దాకా బకెట్లు మోయించడం మాన్పించానా? లేదు. నావీ తినాలి క్రియలే!

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. డాక్టరు ఇనుము సెలైన్లు ఎక్కించారు. మాత్రలు రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నారు, మలం నల్లగా వస్తే భయపడొద్దన్నారు. సున్నం మాత్ర వేరే పూట వెయ్యమన్నారు. తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు, రక్తం కనిపించడం, బిడ్డ కదలిక తగ్గడం - వీటిలో ఏది వచ్చినా పొద్దు చూడకుండా రమ్మన్నారు. నేను దాని మొగుడికి ఫోను చేయించి, ఈ అయిదూ అతని చేత తిరిగి చెప్పించాను, పాఠం అప్పజెప్పించినట్టు. మొదట సిగ్గుపడ్డాడు. మూడోసారికి తప్పు లేకుండా చెప్పాడు. కాన్పుకి పది రోజుల ముందే వచ్చాడు. తెల్లవారుజాము బిందెలు ఆ పది రోజులూ అతనే పట్టాడట. వాడకట్టులో నవ్వారట. ఈసారి నేను నవ్వలేదు.

పుట్టింది ఆడపిల్ల. రెండు కిలోల రెండు వందల గ్రాములు. రెండున్నర వుండాలి. ఆ మూడొందల గ్రాముల లోటులో నా బకెట్లు ఎన్ని, నా టీ గ్లాసులు ఎన్ని అని లెక్క కట్టడం నాకు రాదు. తల్లి క్షేమం. అంతవరకూ సంతోషం.

వదినగారికి పుస్తకం తిరిగిచ్చేశాను. మొదటి పేజీలో పెన్సిలుతో నా సమీక్ష రాశాను: "పాటల అధ్యాయాలు అమ్మాయి చదవవచ్చు, ఇష్టమైతే. మిగతాది అల్లుడుగారి చేతా, వియ్యపురాలి చేతా చదివించండి. చదివేటప్పుడు, తినాలి అని వున్న ప్రతిచోటా పెట్టాలి అనీ, పడుకోవాలి అని వున్న ప్రతిచోటా పడుకోనివ్వాలి అనీ దిద్దుకోమనండి. అయిదో అధ్యాయం చింపేసినా నష్టం లేదు."

వదినగారు చదివి, "మరీ చింపేయడమేమిటండీ, పురాణకథ!" అని నొచ్చుకున్నారు. కాసేపాగి, "మా అమ్మాయికీ ఆఫీసులో నిద్రొస్తోందిట. ఫోనులో చెబితే, లేచి నడవమన్నాను" అన్నారు.

"రక్తం పరీక్ష చేయించారా?" అన్నాను.

చేయించలేదు. ఆవిడ వెంటనే కూతురికి ఫోను చెయ్యడానికి లేచారు, పుస్తకం మా వరండాలోనే మరిచిపోయి.